పిల్లి దాటితే ఆగే డ్రైవరు

జులైఆ గుడారాలు,
నవంబరు 24, 2024.

అక్కకు పెంచల్ నమస్కరించి రాసేది.

ఫోనులో "బాగుండానక్కా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తానని నీకు కోపం. కాగితం మీద రాస్తే తప్ప నమ్మనన్నావు. సరే, రాస్తున్నాను. మన రాయచోటి నయీమ్ వారానికి రెండుసార్లు ఎడారి గుడారాలకు మంచినీళ్ళ ట్యాంకరు తోలుకొస్తాడు, మేము ఏ చోటికి మారినా సరే. పడుకునేది మీ ఫింటాస్‌లోనే. అందుకని ఉత్తరాలు మోసే పని కూడా అతని నెత్తినే పెట్టాను.

నువ్వు ఇప్పించిన పని ఎలా ఉందంటే, ఒక ఇంటిని తోలుతున్నట్టుంది. మీ మేడం వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి ఈ కారవాన్ రెండేళ్ళు వాకిట్లో దుమ్ము కొట్టుకుని పడుంది కదా. ఈ చలికాలం మామా దాని మీది పట్టా పీకించి, "యల్లా పెంచల్, బాబా తిరిగిన చోట్లన్నీ తిరుగుదాం" అంది. (వీళ్ళు యజమానిని బాబా అనడం సరే, ఈ అరబ్బు దేశానికొచ్చి ఇరవై ఏడేళ్ళయినా, ఇంటి యజమానురాలిని మామా అని పిలిచినప్పుడల్లా నాకు మన చిన్నమామ మీసాలే కళ్ళ ముందుకొస్తాయి.) డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఎడారిలో ఏం పని అని మీ మేడం తల్లితో గొడవ పడింది. తల్లి వినలేదు. మార్చి పదిహేనుకల్లా ఎడారిలో గుడారాలన్నీ ఎత్తేయాలని సర్కారు మాట. అందాకా మూడు నాలుగు వారాలకొక చోటు మారుతూ పోవడమే.

బండిలో మామా, వంటకు కడప కుల్సుమ్ బీ. వీళ్ళిద్దరికంటే పెద్దమనిషి మిష్మిష్. అది పిల్లి. దానికి వేరే పరుపు, వేరే ఏసీ, టీకాల పుస్తకం కూడా ఉన్నాయి. కనుచూపు మేరంతా ఇసుకే కదా, దాని దొడ్డికి మాత్రం జమియా దుకాణం నుంచి ఇసుక మూటలు కొనుక్కురావాలి. ఎడారి ఇసుక దాని పాదాలకు పడదట.

దీనితో నాకు తంటా ఒకటే. ఎప్పుడు బండి తీయబోయినా, ఇంజను వేయగానే సరిగ్గా బండికి అడ్డంగా నడుస్తుంది. పిల్లి ఎదురొస్తే మనకు అడుగు కదలదు. దిగి, మొహం కడుక్కుని, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని కానీ బండి తీయను. మొదట్లో నేనేదో ప్రార్థన చేసుకుంటున్నానని మామా అనుకుంది. అసలు సంగతి కుల్సుమ్ బీ చెప్పాక కడుపు పట్టుకుని నవ్వింది. ఇప్పుడు కిటికీలోంచి తనే "పెంచల్, గత్వా!" అని కేక వేస్తుంది. గత్వా అంటే వీళ్ళ మాటలో పిల్లి. నేను దిగి కూర్చుంటాను.

ఒంట్లో బాగానే ఉంది. కొంచెం అలసట, అంతే.

తమ్ముడు
పెంచల్


ఫింటాస్,
డిసెంబరు 3.

తమ్ముడు పెంచల్‌కు అక్క సుబ్బరత్నమ్మ దీవించి రాసేది.

నీ కాగితం అందింది. వంటగదిలో బియ్యం డబ్బా మీద పెట్టుకుని మూడు విడతలుగా చదివాను. మధ్యలో ఒకసారి కాఫీకి, ఒకసారి రొట్టెలకు లేపారు. మా మేడంకి గురువారం వస్తే చాలు, ఇరవై మంది చుట్టాలు. నిలబడి నిలబడి సాయంత్రానికి మోకాళ్ళు నావి కావు.

పిల్లికి ఇసుక కొనిపెట్టే సంగతి చదివి ఒక్కదాన్నే నవ్వాను. మనం పుట్టిన చోట పిల్లికి గంజి నీళ్ళు దొరికితే అదృష్టం. సరే, ఎవరి రాత వాళ్ళది.

కానీ ఒకటి. నీ చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేను. గీత గీయకపోయినా నీ వరుస ఎప్పుడూ తిన్నగా పోయేది. ఈసారి మూడో వరుస నుంచి కిందికి జారిపోయి, చివరికి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చీకట్లో రాశావా? అలసట అని చివర ఒక్క ముక్క రాసి వదిలావు. పేజీ అంతా పిల్లి గురించి రాసి, నీ గురించి ఒక్క ముక్క. వచ్చే కాగితంలో ఆ ముక్క గురించే రాయి.

వేడినీళ్ళు తాగు. చలికి తలకు గుడ్డ చుట్టుకో.

అక్క


కబ్ద్,
డిసెంబరు 22.

అక్కకు,

స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తే వరుసలు జారకుండా ఎక్కుతాయా? నువ్వు పోలీసు పనికి పోవాల్సిన మనిషివి, వంటకు పోయావు.

అలసట గురించి రాయమన్నావు కదా, విను. చోటు మారిన ప్రతిసారీ గుడారం విప్పాలి, మళ్ళీ వేయాలి. నేను పడుకునేది అందులోనే. నీళ్ళ గొట్టం, కరెంటు తీగ, మెట్లు, గొడుగు అన్నీ ఎత్తాలి, అన్నీ దించాలి. దొడ్డి ట్యాంకు ఖాళీ చేయడం అన్నిటికన్నా మురికి పని. అప్పుడు మిష్మిష్ కూడా దూరంగా పోయి కూర్చుంటుంది. యాభై నాలుగేళ్ళకు ఇదంతా కొంచెం ఎక్కువే.

మామా మాత్రం సంబరంగా ఉంది. ఈ మధ్య ప్రయాణంలో వెనక కూర్చోవడం మానేసి, ముందు నా పక్క సీట్లోకి వచ్చింది. వయసొచ్చేకొద్దీ మాటలు ఎక్కువవుతాయి కాబోలు. "పెంచల్, ముందు స్పీడ్ బ్రేకర్." "పెంచల్, ఎడమకు ఒంటెలు." "ఆ లారీ ఆగింది, చూశావా?" దారి పొడుగునా ఇదే పాట. నేను సరే మామా, సరే మామా అంటూ తోలుతుంటాను. పొద్దు వాలాక బండి తీయనని ముందే చెప్పేశాను. ఎడారి దారి కదా. ఒక్క మాట కూడా అడగకుండా ఒప్పుకుంది.

మోకాళ్ళకు నువ్వుల నూనె రాసుకో.

పెంచల్


ఫింటాస్,
జనవరి 6, 2025.

ఒరేయ్ పెంచలా,

దీవెనలు తర్వాత. ముందు నేనడిగిందానికి జవాబు చెప్పు.

పెద్ద మామాను నేను పదకొండేళ్ళుగా ఎరుగుదును. పండగకు ఇక్కడికి వస్తే సోఫాలో కూర్చుని తస్బీ మాల తిప్పుకోవడమే కానీ నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాదు. ఆమెకు ఉన్నట్టుండి స్పీడ్ బ్రేకర్ల మీద అంత మోజు ఎందుకు పుట్టింది?

నిన్న నయీమ్‌ను గేటు దగ్గర ఆపి అడిగాను. పాపం, నీ మీద గౌరవంతో మొదట నసిగాడు. తర్వాత చెప్పాడు. "నాలుగు బారల దూరంలో నిలబడ్డానక్కా. అన్న నా తట్టే చూస్తా, ఎవురూ? అన్నాడు. నేను నయీమన్నా అంటే, ఎండ కళ్ళల్లో పడిందిలే అన్నాడు. ఆపొద్దు ఎండే ల్యా." కుల్సుమ్ బీ అతనితో ఇంకో మాట అందట, నువ్వు ఫ్లాస్కులోంచి టీ గ్లాసు పక్కన పోశావని, తుడిచేసి మళ్ళీ పక్కనే పోశావని.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ నన్నెవరూ చూడలేదనుకుంటుందంట. నువ్వూ అంతే. సూటిగా అడుగుతున్నాను. నీ కళ్ళకు ఏమైంది?

అక్క


సుబ్బియా,
జనవరి 19.

అక్కా,

ఈ కాగితం చదివి చించేయి.

ఎడమ కన్ను పోయిన రంజాన్ నుంచి సరిగా లేదు. మొదట పొగలోంచి చూస్తున్నట్టుండేది. దీపాల చుట్టూ రంగుల వలయాలు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది కొంచెం తెలుస్తుంది, పక్కనున్నది మాయమైపోతుంది. కుడి కన్ను మీద నెట్టుకొస్తున్నాను. ఈమధ్య అదీ అలసిపోతోంది.

వేసవిలో మిర్కాబ్‌లో కళ్ళద్దాల షాపుకు పోయాను. ఆయన లైటు వేసి చూసి, ఇది అద్దాలతో పోయేది కాదు, కంట్లో ప్రెషరు పెరిగింది, ఈరోజే పెద్ద కంటాసుపత్రికి పో అని చీటీ రాసిచ్చాడు. మెట్లు దిగుతూ దాన్ని చించేశాను. ఎందుకంటావా? ఆసుపత్రిలో సివిల్ ఐడీ చూపించాలి. ఆ నంబరు మీద ఎక్కిందేదైనా ట్రాఫిక్ ఆఫీసు వాళ్ళకు కనిపిస్తుందని మా రూము వాళ్ళంతా అంటారు. కనిపిస్తే లైసెన్సు పోతుంది. నా ఇఖామా పర్మిట్టు మీద ఉండేది ఇంటి డ్రైవరు అన్న ముక్కే. లైసెన్సు లేకపోతే ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి పంపుతారు. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. నిజమా కాదా అని చూడటానికి ఎవరు పోతారు చెప్పు?

ఇరవై ఏడేళ్ళుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే. నేను పుట్టినప్పటి నుంచి ఎవరైనా నన్ను మెచ్చుకున్నారంటే అది స్టీరింగు దగ్గరే. అది కూడా లాక్కుంటే ఇంకేం చేయను? నాకు భయంగా ఉందక్కా. చీకటంటే కాదు. చేతులు ఖాళీగా కూర్చోవాలంటే భయం.

మార్చి పదిహేను దాకా ఓపిక పట్టు. గుడారాలు ఎత్తేశాక నేనే దిగిపోతాను. మామాకు ఈ సంగతి తెలియదు. నువ్వు మీ మేడంకి చెప్పొద్దు.

పెంచల్


ఫింటాస్,
జనవరి 28.

పెంచలా,

చించేశాను. చించేశాక కూడా ప్రతి అక్షరం గుర్తుంది.

మామాకు తెలియదా? ఎంత పిచ్చివాడివిరా! తెలియకపోతే పక్కన కూర్చుని దారి ఎందుకు చెబుతోంది? ఆమెకు తెలుసు. నువ్వు డ్రైవరు పని పోతుందని దాస్తున్నావు, ఆమె తిరుగుడు ఆగిపోతుందని దాస్తోంది. ఒకరి గుట్టు ఒకరు కాపాడుకుంటూ ఇంత పెద్ద బండిని రోడ్డు మీద తోలుతున్నారు. మధ్యలో ఏ పాపమూ ఎరగని కుల్సుమ్ బీ. ఎదురుగా వచ్చేవాళ్ళ సంగతి సరే సరి.

నీకు పని పోతే ఏమవుతుంది? నాతో పాటు రెండు ముద్దలు తింటావు. ఎవరినైనా గుద్దితే ఏమవుతుంది? అది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఫిబ్రవరి ఏడు, శుక్రవారం. అప్పటికి నువ్వే మామాకు తాళం ఇచ్చేయాలి. ఇవ్వకపోతే మా మేడంకి నేనే చెబుతాను. ఆ తర్వాత నన్ను అక్కా అని పిలవకపోయినా సరే.

సుబ్బరత్నమ్మ


సుబ్బియా,
ఫిబ్రవరి 5.

అక్కా,

కాళ్ళు పట్టుకుంటున్నాను అనుకో. ఇంకొక్క చోటే మిగిలింది, సాల్మి. పెళ్ళయిన కొత్తలో బాబా మామాను మొదట తీసుకుపోయింది అక్కడికేనట. మిగతావన్నీ దానికి పోయే దారిలో మజిలీలేనని మొన్న తనే అంది. ఇరవయ్యో తేదీన బయలుదేరుతాం. పొద్దున్నే, ఎండ వచ్చాక, నెమ్మదిగా తోలుకుంటూ పోతాను. నువ్వు నోరు తెరిస్తే మీ మేడం ఆ సాయంత్రమే కారు పంపి తల్లిని ఇంట్లో కూర్చోబెడుతుంది. నా కోసం వద్దు, ఆ ముసలామె కోసం ఆగు.

పెంచల్


ఫింటాస్,
ఫిబ్రవరి 13.

తమ్ముడికి,

శుక్రవారం కాఫీ కప్పు పట్టుకుని మా మేడం గది దాకా పోయాను. తలుపు తట్టాను కూడా. "ఏంటి రత్నా?" అంది. "కాఫీ" అన్నాను. కప్పు అక్కడ పెట్టి వెనక్కి వచ్చేశాను.

పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు సభ పెట్టాయంట. ఇక్కడ సభలో ఉన్నది నేనొక్కదాన్నే. నోరు ఎందుకు రాలేదో నాకే తెలియదు. నీ మొహం గుర్తొచ్చింది. ఆ ముసలామె సాల్మి గుర్తొచ్చింది. తర్వాత వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను. అడిగేవాళ్ళు లేకుండా ఏడవడానికి ఉల్లిపాయలు మంచివి.

ఇప్పుడు ఏం జరిగినా అందులో సగం పాపం నాది. అది గుర్తు పెట్టుకుని బండి తీయి. నీతో పోట్లాడే ఓపిక కూడా అయిపోయిందిరా. సాల్మి చేరగానే నయీమ్ చేత ఒక్క మాట చెప్పించు.

అక్క


మిష్రిఫ్, మామా ఇల్లు,
ఫిబ్రవరి 24.

అక్కకు పెంచల్ నమస్కరించి రాయించేది.

అక్షరం వేరేగా ఉందని కంగారు పడొద్దు. నేను చెబుతుంటే నయీమ్ రాస్తున్నాడు. కళ్ళలో మందు వేశారు, నాలుగు రోజులు చదవొద్దు, రాయొద్దు అన్నారు. ముందే చెబుతున్నాను, ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. ఇక విను.

ఇరవయ్యో తేదీ పొద్దున ఎనిమిదింటికి అన్నీ ఎత్తి సర్దాను. కుల్సుమ్ బీ లోపల గిన్నెలు కట్టేస్తోంది. నేను ఎక్కి ఇంజను వేశాను. మామా వెనక తలుపున ఎక్కిందని, ఇప్పుడే ముందు సీట్లోకి వస్తుందని అనుకున్నాను. ఎక్కలేదు. మిష్మిష్ కిందికి దూకిందని దాన్ని పట్టుకోవడానికి దిగిందట. అది మామూలుగానే బండికి అడ్డంగా నడిచింది. దాని వెనకే మామా నడిచింది. ఎందుకు నడిచిందో తెలుసా? ఇంజను వేసిన బండి ముందుకు ఎవరైనా పోతారా? పిల్లి దాటితే పెంచల్ ఆగుతాడు, మూడు నెలలుగా ఒక్కసారి కూడా తప్పలేదు, ఇప్పుడు దిగి నీళ్ళు తాగుతాడు అన్న ధైర్యంతో నడిచింది.

నాకు పిల్లి కనపడలేదు. నల్ల అబాయా వేసుకున్న మనిషి కూడా కనపడలేదు. బ్రేకు వదిలాను.

బండి ముందు రేకు మీద చేత్తో కొట్టిన చప్పుడు వినిపించింది. బ్రేకు తొక్కేశాను. దిగి చూస్తే మామా ఇసుకలో కూర్చుని ఉంది. కింద పడేటప్పుడు చెయ్యి ఆనించిందట, మణికట్టు వాచింది. చక్రానికీ ఆమె కాలికీ మధ్య జానెడు. ఆ జానెడు నేను చూడలేదక్కా, తడిమి తెలుసుకున్నాను. పిల్లి పోయి కుల్సుమ్ బీ కాళ్ళ దగ్గర కూర్చుంది.

మామా నన్ను తిట్టలేదు. నా మొహంలోకి చూసి, "గత్వా దాటింది, నువ్వు ఆగలేదు" అంది. అంతే. నేను తాళం తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. "ఎన్నాళ్ళయింది?" అంది. పోయిన రంజాన్ నుంచి అన్నాను. "చీకటి పడ్డాక తోలలేవేమో, అంతవరకే అనుకున్నాను. నీ తప్పు ఎంతో నాదీ అంతే" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నయీమ్ ఇది రాయనంటున్నాడు, నేనే రాయమన్నాను.

సాల్మికి వేరే డ్రైవరును పిలిపిస్తానన్నాను. "ఖలాస్ పెంచల్, ఇంటికే" అంది. అంత దూరం తిరిగి ఆమె అసలు చోటు చూడకుండానే వెనక్కి తిరిగిందంటే అది నా వల్లే. ఆ బాధ నాకు పోదు.

ఇంటికి బండి ఎవరు తోలారనుకున్నావు? మామానే. వాచిన మణికట్టుకు కుల్సుమ్ బీ గుడ్డ కట్టింది. చెయ్యి బాగాలేదు, వద్దు మామా అంటే, "నీ కళ్ళకంటే నా చెయ్యి నయం" అంది. బాబాతో తిరిగే రోజుల్లో సగం దారి తనే తోలేదట. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి పిల్లిని ఒళ్ళో పెట్టింది. ముప్పై దాటనివ్వలేదు. సముద్రం మీది పెద్ద వంతెన పొడుగునా వెనకనున్న కార్లన్నీ హారన్లే హారన్లు. ఆమె చెవిన కూడా పెట్టుకోలేదు. ఆ వంతెన మీద నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఎప్పుడూ నీళ్ళ వైపు చూడలేదు. ఈసారి తల తిప్పి చూశాను. తెల్లగా ఏదో మెరిసింది, అంతే.

ఆదివారం మామా, మీ మేడం ఇద్దరూ నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మీ మేడంకి మామా అంతా చెప్పేసింది, నువ్వు దాచిన సంగతి తప్ప. అది చెప్పొద్దని నేనే బతిమాలాను. ఎడమ కంటి చూపు ఇక రాదన్నారు. ఏడు నెలల ముందు వచ్చుంటే నిలబెట్టేవాళ్ళమన్నారు. ఆ చీటీ చించిన రోజుకు లెక్కేస్తే సరిగ్గా ఏడు నెలలు. కుడి కంటికి వచ్చే వారం ఆపరేషను, అది నిలుస్తుందని చెప్పారు. లైసెన్సు గురించి అక్కడ ఎవరూ అడగలేదు. నేనే తీసి మామా చేతికిచ్చాను. కన్ను కుదుటపడేదాకా ఈ గదిలోనే ఉండమంది, రంజాన్ పండగ తర్వాత ఊరికి టికెట్టు. నువ్వు ఆపరేషను రోజు సెలవడిగి రా. భయంగా ఉంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆరోజు ఇంటి ముందు బండి ఆపి మామా దిగమంది. నా ఎడమ చెయ్యి తలుపు పిడి కోసం వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. ఇరవై ఏడేళ్ళు డ్రైవరు సీట్లోంచి ఎడమ పక్కకే దిగినవాణ్ణి కదా, ఈ సీటుకు తలుపు కుడి పక్క ఉంటుందని నాకు తోచలేదు. మామా అది చూసింది. తను దిగి, బండి చుట్టూ నెమ్మదిగా నడిచివచ్చి, బయటి నుంచి నా తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.

తమ్ముడు
పెంచల్